పక్షవాతం తర్వాత రక్తనాళాల సంగతి



ఇంట్లో ఎవరికైనా పక్షవాతం వచ్చి ఆసుపత్రికి తీసుకెళితే, స్కానింగ్ గది బయట నిలబడ్డ బంధువులు మమ్మల్ని అడిగే మొదటి మాట ఒకటే. "గడ్డ కట్టిందా డాక్టర్‌గారూ, నరం చిట్లిందా?" అడగాల్సిన మాటే అది. దానికి జవాబు దొరికేదాకా వైద్యుడి చేతులు కట్టేసినట్టే. రక్తనాళం మూసుకుపోతే గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలి, అదీ నాలుగున్నర గంటల్లోపు. నాళం చిట్లి రక్తం కారుతున్న మనిషికి అదే ఇంజెక్షన్ ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. పైకి చూస్తే మాత్రం రెండూ ఒకలాగే ఉంటాయి. మూతి వంకర పోతుంది, చెయ్యి జారిపోతుంది, మాట ముద్దగా వస్తుంది. ఈ తేడాను కొద్ది నిమిషాల్లో తేల్చిచెప్పే సీటీ స్కాన్ ముందు తరాలకు లేదు. 1971 అక్టోబరు 1న లండన్‌లోని వింబుల్డన్‌లో, ఆట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో, గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రం మొదటిసారి ఒక రోగి మెదడును పొరలు పొరలుగా చూపించింది. ఆయనకు 1979లో నోబెల్ బహుమతి వచ్చింది.

నేను ఇవాళ చెప్పదలచుకున్నది మాత్రం ఆ మొదటి నాలుగున్నర గంటల గురించి కాదు. దాని గురించి మీరు చాలాసార్లు విన్నారు, ఇంకా వింటారు. గండం గడిచి, మనిషి ఇంటికొచ్చి, ఫిజియోథెరపీ మొదలుపెట్టాక మిగిలే ప్రశ్న వేరే ఉంది. మెదడులో దెబ్బతిన్న చోటు ఫిలిం మీద మచ్చలా కనిపిస్తుంది. అక్కడ జరగాల్సింది జరిగిపోయింది. మిగతా మెదడుకు రక్తం అందిస్తున్న నాళాల పరిస్థితి ఏమిటి? అమెరికా లెక్కల్లో, ఏటా వచ్చే పక్షవాతాల్లో, అంటే స్ట్రోకుల్లో, దాదాపు నాలుగోవంతు ఇదివరకే ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చినవే. అంటే మొదటి దెబ్బకు కారణమైన జబ్బు చాలామందిలో ఇంకా నాళాల్లోనే కూర్చుని ఉంటుంది. స్కానింగ్ పరిశోధన ఇప్పుడు ఎక్కువగా చూస్తున్నది ఈ మిగిలిన నాళాలనే.

ముందు మెదడు ఆకలి సంగతి కొంచెం. మన శరీరం బరువులో మెదడు వాటా నూటికి రెండు పాళ్లే. అది వాడుకునే ఆక్సిజన్ మాత్రం నూటికి ఇరవై పాళ్లు. నిమిషానికి ముప్పావు లీటరు రక్తం మెదడుకు వెళుతుంది. పైగా దానికి దాచుకునే అలవాటు లేదు. కండరం కొంత సరుకు నిల్వ పెట్టుకుంటుంది, మెదడు ఎప్పటిదప్పుడే తీసుకుంటుంది. మీరు ఈ మాటలు వింటున్నప్పుడు వినికిడికి సంబంధించిన భాగంలో నాళాలు కాస్త వెడల్పవుతాయి. లేచి నిలబడితే రక్తపోటు ఒక్క క్షణం తగ్గుతుంది, వెంటనే నాళాలు సర్దుకుంటాయి. ఈ సర్దుకునే గుణమే నాళం ఆరోగ్యం. నాళం తెరిచి ఉన్నదా మూసుకుందా అన్నది సగం ప్రశ్నే. అవసరం వచ్చినప్పుడు వెడల్పవగలదా అన్నది మిగతా సగం.

పెద్ద నాళాల విషయం త్వరగా చెప్పుకుందాం, ఎందుకంటే అక్కడ దారి చాలావరకు స్పష్టంగా ఉంది. మెడలో రెండువైపులా ఉండే కెరోటిడ్ ధమనుల్ని డాప్లర్ అనే అల్ట్రాసౌండ్ పరీక్షతో చూడొచ్చు. నొప్పి లేదు, రేడియేషన్ లేదు. సీటీ యాంజియో తీస్తే గుండె దగ్గర్నుంచి నడినెత్తిదాకా ధమనులన్నీ ఒకే చూపులో కనిపిస్తాయి. స్ట్రోకు వచ్చిన వైపు కెరోటిడ్ నూటికి డెబ్బై పాళ్లకు మించి సన్నబడి ఉంటే, ఆపరేషన్ చేసి లోపలి కొవ్వు పూడికను తీసెయ్యడం వల్ల ఎంత మేలో 1991లో ఉత్తర అమెరికా వైద్యులు ఒక పెద్ద పరీక్షలో తేల్చారు. రెండేళ్లలో అటువైపు మళ్లీ స్ట్రోకు వచ్చే ప్రమాదం మందులు మాత్రమే వాడినవారిలో నూటికి 26, ఆపరేషన్ చేయించుకున్నవారిలో 9. ఇంత తేడా వైద్యంలో తరచుగా దొరకదు.

అయితే మనవాళ్ల నాళాల తీరు కొంచెం వేరు. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి వైద్యులు తమ దగ్గరికొచ్చిన స్ట్రోకు రోగుల వివరాలు రిజిస్టరులో నమోదుచేసి 2002లో ప్రచురించారు. గడ్డకట్టి వచ్చిన స్ట్రోకుల్లో పెద్ద ధమనుల పూడిక వాటాయే అన్నిటికన్నా ఎక్కువగా తేలింది, నూటికి నలభై దాకా. అందులోనూ మెడలో కంటే పుర్రె లోపలి ధమనుల్లోనే పూడిక ఎక్కువ. ఆసియా దేశాల్లో చాలాచోట్ల ఇదే వరస. పుర్రె లోపలికి కత్తి పెట్టి పూడిక తియ్యడం కుదరదు. గుండెకు వేసినట్టు స్టెంటు వేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. వైద్యులూ అలాగే అనుకున్నారు. 2011లో అమెరికాలో శాంప్రిస్ అనే పరీక్ష ఫలితాలు వచ్చేసరికి ఆ ఉత్సాహం చల్లారింది. మొదటి నెలరోజుల్లో స్ట్రోకో మరణమో సంభవించినవారు స్టెంటు వేసిన గుంపులో నూటికి దాదాపు 15 మంది. మందులు గట్టిగా వాడి, బీపీనీ కొలెస్టరాల్‌నూ అదుపులో పెట్టిన గుంపులో ఆరుగురి లోపే. పరీక్షను మధ్యలోనే ఆపేశారు. స్కాన్‌లో సన్నబడ్డ నాళం కనిపించగానే అందులో ఏదో ఒకటి పెట్టించాలనే ఆత్రం ఉన్నవాళ్లు ఈ అంకెల్ని గుర్తుంచుకుంటే మంచిది.

యాంజియోకి ఒక పరిమితి ఉంది. 1927లో పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ లిస్బన్‌లో కెరోటిడ్‌లోకి మందు ఎక్కించి ఎక్స్‌రేలో మెదడు ధమనుల్ని తొలిసారి చూపించిన నాటినుంచీ యాంజియో అనేది రక్తం పారే దారిని చూపిస్తుంది, గోడను చూపించదు. పూడిక గోడలో మొదలై చాలాకాలం బయటికి ఉబ్బుతూ పెరగొచ్చు. దారి అంతే వెడల్పుగా కనిపిస్తుంది, లోపల గోడ మాత్రం రోగంతో మందమై ఉంటుంది. ఇప్పుడు ఎమ్మారైలో పారే రక్తాన్ని నల్లగా చేసి గోడను మాత్రం తెల్లగా చూపించే పద్ధతి వచ్చింది. మందు ఎక్కించాక ఆ గోడ మెరిస్తే అక్కడ వాపు ఉందని, పూడిక నిలకడగా లేదని అనుమానిస్తాం. పుర్రె లోపలి పూడిక ఎక్కువగా ఉన్న మన ప్రాంతానికి ఇది పనికొచ్చే స్కాన్ అని నా అభిప్రాయం. అన్ని ఊళ్లలో దొరకదు.

ఇక చిన్న నాళాల దగ్గరికి వద్దాం. నాకు అసలు కుతూహలం ఇక్కడే. మెదడు లోతట్టు భాగాల్లోకి దిగే సన్నటి ధమనులు ఒక మిల్లీమీటరులో చిన్న వంతు వెడల్పుంటాయి. ఆసుపత్రుల్లో ఉండే మామూలు ఎమ్మారైకి అవి కనపడవు. ఏళ్లతరబడి బీపీ, షుగరు, పొగాకు దెబ్బ తగిలేది ముఖ్యంగా వీటికే. 1960లలో బోస్టన్‌లో మిల్లర్ ఫిషర్ అనే న్యూరాలజిస్టు చనిపోయినవారి మెదళ్లను పలుచటి పొరలుగా కోసి, ఒక్కొక్క సన్నటి ధమని వెంటా మైక్రోస్కోపుతో నడుచుకుంటూ వెళ్లాడు. లోతట్టున కందిగింజంత గుంటలు ఉన్నచోట, ఆ చోటికి రక్తం తెచ్చే నాళం గోడ పాడై, మందమై, దారి మూసుకుపోయి ఉండటం చూశాడు. ఎంత ఓపిక ఉండాలో ఊహించండి.

ఇప్పుడు ఆ పని బతికున్న మనిషిలో చేయాలి, నాళం కనపడదు. కాబట్టి అది మిగిల్చిన గుర్తుల్ని వెతుకుతాం. ఎమ్మారైలో మెదడు లోపలి తెల్ల పదార్థం మీద సున్నపు చుక్కలు చిందినట్టు తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. మూడు నుంచి పదిహేను మిల్లీమీటర్ల గుంటలు కనిపిస్తాయి. ఇనుముకు స్పందించే ప్రత్యేకమైన వరసలో తీస్తే, ఎప్పుడో చెమర్చిన రక్తపు నలుసులు నల్లటి చుక్కలుగా బయటపడతాయి. ఆ నల్ల చుక్కలు ఎక్కడున్నాయో చూడాలి. లోతట్టున ఉంటే బీపీ పని అని అనుమానం. పైపొరల్లో మాత్రమే ఉంటే నాళాల గోడల్లో అమైలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకుందేమో చూడాలి. గడ్డకట్టకుండా మందు రాసే ముందు న్యూరో డాక్టరు ఈ చుక్కల్ని లెక్కపెట్టించేది అందుకే.

ఇందులో చాలా గుర్తులు నిశ్శబ్దంగా పడినవి. చెయ్యి పడిపోలేదు, మాట తడబడలేదు, ఎప్పుడు వచ్చిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియకుండా పడే ఈ చిన్న దెబ్బలు, బయటపడే స్ట్రోకులకంటే కొన్ని రెట్లు ఎక్కువ. అవి కూడుతూ పోతే నడక నెమ్మదిస్తుంది, లెక్క చూడటం కష్టమవుతుంది, ఏ పని మొదలుపెట్టాలన్నా ఆసక్తి ఉండదు. "నాన్నకి పెద్దతనం వచ్చేసింది" అని ఇంట్లో అనుకుంటారు. పెద్దతనం సగమే కావచ్చు.

ఇదంతా జరిగిపోయిన నష్టం లెక్క. నాళం ఇప్పుడు ఎలా పనిచేస్తోంది? దాన్ని కొలవడానికి ఒక తమాషా పద్ధతి ఉంది. మనిషి చేత కాస్త బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, పీల్పిస్తారు.

దీని వెనక కథ పాతదే. 1940లలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సీమోర్ కేటీ, కార్ల్ ష్మిట్ అనే ఇద్దరు, మనుషుల మెదడుకు నిమిషానికి ఎంత రక్తం వెళుతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. నైట్రస్ ఆక్సైడ్ పీల్పించి, ధమనినుంచీ మెడలోని సిరనుంచీ సూదులతో రక్తం తీసి లెక్కగట్టేవారు. గాలిలో అయిదు నుంచి ఏడు పాళ్లు కార్బన్ డయాక్సైడ్ కలిపితే మెదడుకు వెళ్లే రక్తం నూటికి 75 పాళ్లు పెరిగిందని 1948లో రాశారు. ఆ వాయువు తగలగానే నాళాలు విప్పారతాయి. ఆరోగ్యమైన నాళం చప్పున విప్పారుతుంది, బిరుసెక్కినది మొరాయిస్తుంది.

అయితే కేటీ లెక్క మెదడు మొత్తానికి ఒకే అంకె ఇచ్చేది. ఏ మూల బాగుంది, ఏ మూల చెడింది అని చెప్పేది కాదు. ఆ లోటు తీర్చింది రక్తంలోని ఇనుమే. ఆక్సిజన్ వదిలేసిన రక్తం అయస్కాంతానికి కొద్దిగా స్పందిస్తుందనీ, ఆక్సిజన్ నిండుగా ఉన్న రక్తం స్పందించదనీ లైనస్ పాలింగ్, చార్లెస్ కోరియెల్ 1936లోనే చూశారు. యాభై నాలుగేళ్ల తర్వాత, 1990లో, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో సేజీ ఒగావా దీన్ని ఎమ్మారైకి తగిలించాడు. ఎలుకలు పీల్చే గాలిని మారుస్తుంటే వాటి మెదడులో నాళాల నల్లగీతలు ముదరడం, మాయమవడం గమనించాడు. తాజా రక్తం ఎక్కువగా వచ్చినచోట సంకేతం పెరుగుతుంది. ఇంజెక్షన్ అక్కర్లేదు, రేడియేషన్ లేదు, రక్తమే మందు.

పరీక్ష ఎలా ఉంటుందో చెబుతాను. మనిషిని ఎమ్మారైలో పడుకోబెట్టి ముక్కూ నోరూ కప్పేలా బిగుతుగా మాస్కు పెడతారు. మాస్కు అంచులోంచి గాలి కొంచెం కారినా లెక్క తప్పుతుంది కాబట్టి, గడ్డాలున్నవాళ్లతో టెక్నీషియన్లకు కొంచెం అవస్థే. రెండు నిమిషాలు మామూలు గాలి, తర్వాత రెండుమూడు నిమిషాలు నూటికి ఆరు పాళ్లు కార్బన్ డయాక్సైడ్ కలిపిన గాలి, మళ్లీ మామూలు గాలి. మెట్లు ఎక్కినట్టు కాస్త ఆయాసం అనిపిస్తుంది. చేతిలో రబ్బరు బంతి ఉంటుంది, ఇబ్బందైతే నొక్కాలి. బయట స్క్రీన్ మీద, వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ గీత పైకి లేచి కిందికి దిగుతూ ఉంటుంది. మెదడు సంకేతం దాని వెనకే లేస్తుంది, కానీ ఎంత? బూడిదరంగు పైపొరలోనే నూటికి ఒకటి రెండు పాళ్లు. లోపలి తెల్ల పదార్థంలో అంతకంటే బాగా తక్కువ, ఆలస్యంగా. ఇంత చిన్న మార్పును, కదులుతున్న మనిషి తలలో, ఆయాసం మధ్య పట్టుకోవాలి. అందుకే ఇది ఇంకా పరిశోధన ఆసుపత్రులు దాటి రాలేదు. మాస్కు లేనిచోట ఊపిరి బిగబట్టమని అడుగుతారు. అదీ పనిచేస్తుంది, కాకపోతే స్ట్రోకు వచ్చిన పెద్దవాళ్లు అందరూ చెప్పినంతసేపు బిగబట్టలేరు.

ఈ పరీక్షలో కొందరికి వింత ఫలితం వస్తుంది. వాయువు ఇచ్చినప్పుడు మెదడంతా రక్తం పెరిగితే, ఒక చోట మాత్రం తగ్గుతుంది. ఆ ప్రాంతపు నాళాలు పైనున్న పూడిక వల్ల రక్తం చాలక, ఎప్పుడో పూర్తిగా విప్పారిపోయి ఉంటాయి. ఇంకా విప్పారే సత్తువ లేదు. పక్కనున్న ఆరోగ్యమైన నాళాలు విప్పారగానే రక్తం అటు మళ్లుతుంది. కాలువ పైన తూములన్నీ ఒక్కసారి తెరిస్తే చివరి ఆయకట్టుకు నీళ్లు తగ్గినట్టే. మామూలు యాంజియోలో ఇద్దరి పూడికా ఒకేలా కనిపించినా, ఇలా పక్క నాళాలకు రక్తం పోగొట్టుకునే మనిషికి మళ్లీ స్ట్రోకు వచ్చే ప్రమాదం ఎక్కువ. బీపీని ఒక్కసారిగా బాగా దించేస్తే ఇబ్బందిపడేదీ ఇలాంటివారే.

ఇంకొక పద్ధతి నాళాల గోడ కారుతోందేమో చూస్తుంది. గాడోలినియం మందు ఎక్కించి, ఇరవై నిమిషాలపాటు బొమ్మ మీద బొమ్మ తీస్తూ, మెదడులోకి ఎంత జారుకుందో కొలుస్తారు. ఆరోగ్యమైన నాళం దాదాపు చుక్క కూడా వదలదు. చిన్ననాళాల జబ్బు ఉన్నవారిలో తెల్ల మచ్చల చుట్టుపక్కల, పైకి బాగానే కనపడే చోట్ల కూడా, కాస్త కారుతుంది. ఎడిన్‌బరోలో జొయానా వార్డ్‌లా బృందం ఏళ్లుగా ఈ మార్పుల్ని స్ట్రోకు రోగుల్లో కొలుస్తోంది. వాళ్లకే ఎదురైన ఇంకో సంగతి నాకు ధైర్యాన్నిచ్చింది. చిన్న స్ట్రోకు వచ్చినవారికి ఏడాది తర్వాత మళ్లీ ఎమ్మారై తీస్తే, కొందరిలో తెల్ల మచ్చల పరిమాణం తగ్గింది. అవి పెరగడమేగాని తరగవని మేం చదువుకున్నాం.

ఇప్పుడు మన మందుల డబ్బా దగ్గరికి రండి. అమ్లోడిపిన్, లోసార్టన్, అటెనొలాల్ అనే బీపీ మాత్రలు. ఈ మూడు పేర్లలో ఒకటైనా లేని ఇల్లు తక్కువ. వీటిలో ఏది మెదడు నాళాలకు ఎక్కువ మేలు చేస్తుంది? ఐరోపాలో అయిదు కేంద్రాల్లో, చిన్ననాళాల జబ్బున్న సుమారు వందమందికి ఈ మూడిటినీ నాలుగేసి వారాలు వరసమార్చి ఇచ్చి, ప్రతిసారీ మాస్కు పెట్టి పైన చెప్పిన ఎమ్మారై తీశారు. 2023లో ఫలితం వచ్చింది. నాళాలు విప్పారే శక్తిలో మూడు మందుల మధ్యా తేడా కనపడలేదు. నిరుత్సాహపడాల్సిన పనిలేదు. ఒక మందు పడక డాక్టరు ఇంకోటి మారిస్తే, నాళాలకు నష్టమేమోనన్న బెంగ తీరింది. బీపీని తగ్గించడమే మేలు అన్నది ముందే రుజువైంది. 2001లో వచ్చిన ప్రోగ్రెస్ పరీక్షలో, స్ట్రోకు వచ్చినవారికి బీపీ మందులు వాడితే మళ్లీ స్ట్రోకు రావడం నూటికి 28 పాళ్లు తగ్గింది. అందులో కొందరికి ఎమ్మారై తీసి చూస్తే కొత్త తెల్ల మచ్చలు పడటమూ తగ్గింది. అదే 2023లో బ్రిటన్‌లో 363 మందితో జరిగిన ఇంకో పరీక్షలో సిలోస్టజాల్, ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ అనే పాత మందులు చిన్ననాళాలకు పనికొస్తాయన్న ఆశ కలిగింది. పెద్ద పరీక్షలో తేలేదాకా వాటిని సొంతంగా మొదలుపెట్టకండి.

మన దగ్గర కష్టం మందు ఎంపికలో లేదు. చెయ్యి కదలడం మొదలవగానే మాత్రలు మానేస్తారు. పావురం రక్తంతో మర్దన చేయించడానికి వెళ్లినవాళ్లు బీపీ మాత్ర ఇంట్లో మరిచిపోతారు. చెయ్యి పైకి లేచిందంటే మెదడు కొత్తదారి నేర్చుకుందని అర్థం. నాళం గోడ బాగుపడిందని కాదు.

స్కాన్ చూసి భయపడేవాళ్లకు ఒక మాట. ఒకే రకం మచ్చలున్న ఇద్దరిలో ఒకరు పద్దులు రాసుకుంటూ తిరుగుతుంటారు, ఇంకొకరికి మనవడి పేరు గుర్తురాదు. నిమ్స్‌లో 608 మంది స్ట్రోకు రోగుల్ని చూసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు లేక అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో నూటికి నలభైమందికి ఆలోచనాశక్తి మామూలుగానే ఉంది. ఒకే భాష మాట్లాడేవారిలో అది ఇరవైమంది దగ్గరే ఆగింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలిపి బేరమాడే హైదరాబాదులో ఇలాంటి అధ్యయనం జరగడం నాకు సహజంగా తోచింది. ఫిలిం చూసి మనిషిని అంచనా వేయడం అంత తేలిక కాదు.

చివరిగా, మా వృత్తికి సంబంధించిన విన్నపం. పాత ఫిలిములు పారెయ్యకండి. కొత్త స్కాన్ చదివేటప్పుడు నాకు అన్నిటికన్నా ఉపయోగపడేది మూడేళ్లనాటి స్కాన్. ఈ మచ్చ అప్పుడు ఉందా, ఈ నల్ల చుక్క కొత్తదా అని పక్కపక్కన పెట్టి చూస్తేనే తేలుతుంది. ఫిలిం కంటే సీడీ నయం, అందులో వందల బొమ్మలుంటాయి. ఫిలిం మీద ఎంచిన కొన్నే ఉంటాయి. ఆసుపత్రినుంచి వచ్చేటప్పుడు సీడీ అడిగి తీసుకోండి, తేదీ రాసిపెట్టండి. ఏటా ఊరికే స్కాన్ తీయించుకోమని నేను చెప్పడం లేదు. డాక్టరు అడిగిన రోజున పాతది చేతిలో ఉంటే చాలు.